గోడ మీది స్మార్ట్ ప్యానెల్ వేరే కంపెనీ వస్తువుల్ని కలుపుకోనంటే ఏం చేయాలి

మా ఇల్లు రాజోలు దగ్గర, కాలవ గట్టున. గృహప్రవేశానికి నెల ముందు హాల్లో గుమ్మం పక్కన పది అంగుళాల టచ్ ప్యానెల్ పెట్టించాను. పెట్టినాయన లైట్లు, ఫ్యాన్లు, కర్టెన్లు అన్నీ దాన్లోంచే నడిపి చూపించాడు. వచ్చిన చుట్టాలందరూ దాని మీద ఒకసారి వేలు పెట్టి చూసి వెళ్ళారు, నేనూ పొంగిపోయాను. తర్వాత తెలిసింది అసలు సంగతి. ఏసీ వేరే కంపెనీది, కెమెరాలు ఇంకో కంపెనీవి, పెరట్లో మోటారుకి పెట్టిన వైఫై బాక్సు మరొకరిది, వీటిలో ఒక్కటి కూడా ఆ ప్యానెల్లోకి రాదు. అడిగితే "అది మా సిస్టమ్‌లో రాదండి, మా కెమెరానే పెట్టుకోవాలి" అన్నారు. వాళ్ళ కెమెరా ధర నా కెమెరాకి మూడింతలు. అంత డబ్బు పోశాక కూడా ఫోన్లో ఐదు యాప్‌లు పెట్టుకోవాల్సి రావడం, మోటారు వెయ్యడానికి నాన్నగారు మళ్ళీ టార్చి లైటు పట్టుకుని పెరట్లోకి నడవడం చూస్తే వచ్చిన చిరాకు అంతా ఇంతా కాదు.

కొన్ని నెలలు దాంతో కుస్తీ పట్టాక నాకు అర్థమైంది ఒకటే. ఆ ప్యానెల్ బుద్ధి మార్చాలని చూడటం దండగ. దాని చేతిలోంచి ఇంటి పెత్తనం తీసేసి, దాన్ని మామూలు స్విచ్ బోర్డులా వాడుకోవాలి. పెత్తనం మన చేతిలో ఉండే ఇంకో చిన్న పెట్టెకి ఇవ్వాలి. ఇది ఒక్కరోజు పని కాదు కానీ ఇంజనీరింగ్ చదివినవాళ్ళే చెయ్యాల్సిన పని కూడా కాదు. వైర్లు ముట్టుకునే చోట మాత్రం ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, అందులో మొహమాటం వద్దు.

1. ముందు గోడ వెనక ఏముందో చూడండి

కొత్తది ఏదీ కొనకండి. ఒక నోట్‌బుక్ తీసి ఇంట్లో ఉన్న స్మార్ట్ వస్తువులన్నీ రాయండి: ఏ గదిలో ఉంది, ఏ యాప్‌లో నడుస్తుంది, దేనితో మాట్లాడుతుంది. ఈ మూడోది చాలామందికి తెలియదు, అమ్మినవాడు చెప్పడు. తెలుసుకోవడానికి ఒక సులువు ఉంది. రౌటర్ యాప్‌లోకి వెళ్ళి కనెక్ట్ అయిన పరికరాల జాబితా చూడండి. ప్రతి స్విచ్చీ అందులో విడివిడిగా కనబడితే మీవి వైఫై స్విచ్‌లు. ప్యానెల్ ఒక్కటే కనబడి స్విచ్‌లు కనబడకపోతే, అవి ప్యానెల్‌తో జిగ్‌బీ రేడియోలోనో, ఆర్‌ఎస్ 485 లేదా కేఎన్‌ఎక్స్ లాంటి తీగ మీదో మాట్లాడుకుంటూ ఉండొచ్చు.

అనుమానం తీరకపోతే ఒక బోర్డు విప్పి చూడాలి. మా ఊరి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. ఎంసీబీ దించాడు, ఆ తర్వాత కూడా టెస్టర్ పెట్టి రెండుసార్లు చూసుకున్నాడు (మీరూ ఇది మానకండి, స్మార్ట్ బోర్డుల్లో ఇన్వర్టర్ లైను వేరేగా వచ్చి కూర్చునే ఇళ్ళు చాలా ఉన్నాయి). గాజు పలక మెల్లిగా లాగితే లోపల చీమల పుట్ట, ఎండిపోయిన బల్లి పిల్ల ఒకటి, వాటి వెనక అరచేతిలో సగం ఉన్న నల్ల మాడ్యూల్. ఫోన్ లైటు వేసి చూస్తే దాని వీపు మీద చిన్న అక్షరాల్లో జిగ్‌బీ 3.0 అని ఉంది. ఇంతకాలం "ఇది మా సొంత టెక్నాలజీ అండి" అని నాకు చెప్పింది దీని గురించే! "ఆయ్, ఇది అందరూ వాడేదేనండి, పేరే వాళ్ళది" అని ఎలక్ట్రీషియన్ నవ్వాడు. ఆ లేబుల్ ఫోటో తీసి పెట్టుకోండి. ముందు ముందు మీ పని సగం ఆ ఫోటోతోనే నడుస్తుంది.

2. నెట్ వైరు పీకి చూడండి

రౌటర్ ఆపొద్దు, దానికి బయటి నుంచి వచ్చే ఫైబర్ లైను ఒక్కటే తీయండి. అంటే ఇంట్లో వైఫై ఉంటుంది, బయటికి దారి ఉండదు. ఇప్పుడు ప్యానెల్ మీద లైటు వెయ్యండి, తర్వాత ఫోన్ యాప్‌లోంచి వెయ్యండి. రెండూ పనిచేస్తే మీరు అదృష్టవంతులు. ప్యానెల్ పనిచేసి యాప్ పనిచేయకపోతే ఇంట్లో మాటలు ఇంట్లోనే జరుగుతున్నాయి, యాప్ మాత్రం కంపెనీ సర్వర్ దాకా వెళ్ళి వస్తోంది. రెండూ పనిచేయకపోతే మీ హాల్లో లైటు వెయ్యడానికి ఎక్కడో ఉన్న సర్వర్ అనుమతి కావాలన్నమాట.

కోనసీమలో ఇది చిన్న విషయం కాదు. మన నెట్ లైన్లు స్తంభాల మీంచి, కొబ్బరి చెట్ల మధ్యలోంచి వస్తాయి. ఒక మట్ట పడితే చాలు, సాయంత్రం దాకా నెట్ ఉండదు. 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తుపాను నరసాపురం దగ్గర్లో తీరం దాటినప్పుడు మా వీధికి నెట్ తిరిగి రావడానికి కరెంటు కంటే ఎక్కువ టైము పట్టింది.

సర్వర్ మీద ఆధారపడితే తుపానులు లేని దేశాల్లోనూ ఇబ్బందే. అమెరికాలో రివాల్వ్ అనే హబ్ (స్మార్ట్ వస్తువుల్ని ఒకచోట కలిపే పెట్టె) ఉండేది. ఆ కంపెనీని నెస్ట్ కొనేసి, 2016 మే నెలలో సర్వర్ ఆపేసింది, జనం ఇళ్ళల్లో ఉన్న హబ్‌లన్నీ పనికిరాకుండా పోయాయి. 2023లో గ్యారేజీ తలుపుల కంపెనీ చాంబర్లేన్ తన మైక్యూ యాప్‌లోకి బయటి ప్రోగ్రాములు రాకుండా దారి మూసేసింది. నిన్నటిదాకా పనిచేసినవి రాత్రికి రాత్రి ఆగిపోయాయి, అక్కడ జనం తలుపు మోటారుకి నేరుగా తీగ కలిపే చిన్న బోర్డులు కొనుక్కుని బయటపడ్డారు. ఆ తీగ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద మనకీ అదే పనికొస్తుంది.

3. కంపెనీని అడగండి, వాట్సాప్‌లోనే అడగండి

ఫోన్లో అడిగితే "అన్నీ వస్తాయండి" అంటారు. రాసి అడిగితే కొంచెం జాగ్రత్తగా చెబుతారు. నేను పంపిన మెసేజ్ ఇలా ఉంది, కావాలంటే ఇదే వాడుకోండి: "అండీ, మా ప్యానెల్‌కి మ్యాటర్ సపోర్ట్ ఉందా? ఉంటే అది కంట్రోలరా, బ్రిడ్జా, రెండూనా? నెట్ లేకుండా వేరే కంప్యూటర్ నుంచి లోకల్‌గా స్విచ్‌లు నడపడానికి ఏపీఐ ఇస్తారా? అడ్మిన్ పాస్‌వర్డ్, ప్రాజెక్ట్ ఫైలు మాకు ఇస్తారా?" ఏపీఐ అంటే బయటి ప్రోగ్రాములు లోపలికి వచ్చే దారి, ప్రాజెక్ట్ ఫైలు అంటే పెట్టినాయన రాసిన సెట్టింగ్స్ అన్నీ ఉండే ఫైలు.

కంట్రోలర్, బ్రిడ్జి అనే తేడా దగ్గరే ఎక్కువమంది మోసపోతున్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మ్యాటర్ అంటే యాపిల్, గూగుల్, అమెజాన్, శాంసంగ్ లాంటివాళ్ళు కలిసి తయారుచేసుకున్న ఉమ్మడి భాష, మొదటి వెర్షన్ 2022 అక్టోబరులో వచ్చింది. మీ ప్యానెల్ మ్యాటర్ కంట్రోలర్ అయితే బయటి కంపెనీ బల్బుని దాన్లోకి తెచ్చుకోవచ్చు. బ్రిడ్జి అయితే దాని కింద ఉన్న స్విచ్‌ల్ని బయటివాళ్ళకి చూపిస్తుంది. రెండూ వేర్వేరు పనులు. నరసాపురం రేవు నుంచి సఖినేటిపల్లికి పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఉంది కదా అని ఎక్కాక, తిరుగు పంటు లేదంటే ఎలా ఉంటుంది? ఒక్క కంట్రోలర్ మాత్రమే అయిన ప్యానెల్‌తో అదే పరిస్థితి, లోపలికి రావడమే ఉంటుంది, బయటికి పోవడం ఉండదు. డబ్బా మీద మ్యాటర్ బొమ్మ రెండింటికీ ఒకటే.

ఇంకోటి, మ్యాటర్ ఉన్నంత మాత్రాన అన్నీ రావు. మొదటి వెర్షన్‌లో లైట్లు, ప్లగ్గులు, తాళాలు, కర్టెన్లు, సెన్సర్ల లాంటివే ఉన్నాయి. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, గది ఏసీ లాంటివి 2023లో వచ్చిన 1.2 వెర్షన్‌లో చేరాయి. మీ ప్యానెల్ పాత వెర్షన్ దగ్గరే ఆగిపోతే కొత్త రకం వస్తువు దానికి అర్థం కాదు. అందుకే వెర్షన్ నంబరు కూడా అడగండి.

నా మెసేజ్‌కి జవాబు నాలుగు రోజులకి వచ్చింది. "ప్రస్తుతానికి లేదండి, ఫ్యూచర్‌లో అప్‌డేట్ వస్తుంది." ఆ ఫ్యూచర్ ఇంకా రాలేదు.

4. సులువైన దారి ముందు చూడండి

మీ ప్యానెల్ యాప్ అలెక్సాతోనో గూగుల్ హోమ్‌తోనో కలుస్తుందేమో చూడండి. బయటి వస్తువులు కూడా అక్కడ కలిస్తే, ఆ రెంటినీ అలెక్సాలోనో గూగుల్ హోమ్‌లోనో రొటీన్ రాసి జత చేయొచ్చు. "గుడ్ నైట్" అంటే ప్యానెల్ కింద ఉన్న లైట్లు ఆరిపోయి, వేరే కంపెనీ ఏసీ ఆన్ అవుతుంది. ఖర్చు లేదు, అరగంట పని. మీకు కావాల్సింది ఇంతే అయితే ఇక్కడితో ఆగిపోండి, కింద చెప్పేదంతా ఎందుకు?

కానీ ఇదంతా సర్వర్ల మీదే నడుస్తుంది, నెట్ పోతే ఇదీ పోతుంది. పైగా ప్యానెల్ మీద ఒక బటన్ నొక్కితే బయటి వస్తువు నడవాలి అనే అసలు కోరిక దీనితో సరిగ్గా తీరదు. నాకు తీరలేదు.

5. పెత్తనం ఇంకో పెట్టెకి ఇవ్వండి

ఆ పెట్టెలో నడిచే సాఫ్ట్‌వేర్ పేరు హోమ్ అసిస్టెంట్. 2013లో పౌలుస్ స్కౌట్‌సెన్ మొదలుపెట్టాడు, ఉచితం, దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, అన్ని కంపెనీల వస్తువుల్ని ఒకచోట చేర్చడమే దాని పని. రాస్ప్‌బెర్రీ పై 4 గానీ 5 గానీ సరిపోతుంది. మెమరీ కార్డు మీద మాత్రం నడపకండి. కరెంటు టకటకా పోయి వచ్చే చోట కార్డులు పాడైపోతాయి, చిన్న ఎస్ఎస్‌డీ పెట్టుకోండి.

నేను అది కూడా కొనలేదు. తమ్ముడు ఇంజనీరింగ్‌లో వాడి పక్కన పడేసిన లాప్‌టాప్ బీరువా మీద ఉంటే అదే దించాను. లాప్‌టాప్‌లో ఒక లాభం ఉంది, దాని బ్యాటరీయే దానికి యూపీఎస్. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం అలా వాడకండి, తీసేయండి. లాప్‌టాప్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి పాత పెళ్ళి ఫోటోలు ఉన్నాయేమో ముందే చూసుకోండి. మా తమ్ముడివి ఉన్నాయి.

పద్ధతి ఇది. హోమ్ అసిస్టెంట్ సైట్ నుంచి మీ యంత్రానికి సరిపోయే ఇమేజ్ (సాఫ్ట్‌వేర్ మొత్తం ఉండే ఫైలు) దింపి, బలీనా ఎచర్ లాంటి ప్రోగ్రాముతో డిస్కులోకి ఎక్కించాలి. లాప్‌టాప్ అయితే బయోస్‌లో (ఆన్ చేసేటప్పుడు తెరిచే సెట్టింగ్స్‌లో) సెక్యూర్ బూట్ ఆపాలి. తర్వాత రౌటర్ నుంచి నెట్‌వర్క్ కేబుల్ పెట్టండి, దీన్ని వైఫై మీద నడపొద్దు. కాసేపు ఆగి, అదే వైఫైలో ఉన్న ఫోన్ బ్రౌజర్‌లో ఆ పెట్టె ఐపీ అడ్రసు (రౌటర్ యాప్ జాబితాలో దాని పక్కన ఉండే అంకెలు) కొట్టి, పక్కన కోలన్ పెట్టి 8123 అని కొడితే తెర వస్తుంది. పేరు, పాస్‌వర్డ్ పెట్టుకున్నాక, ఇంట్లో అది కనిపెట్టిన వస్తువులన్నీ తనంతట తానే చూపిస్తుంది. నాకు టీవీ, ప్రింటర్, రెండు బల్బులు వెంటనే వచ్చాయి. ప్యానెల్ రాలేదు, వస్తుందని అనుకోలేదు కూడా. చివరిగా రౌటర్‌లోకి వెళ్ళి ఈ పెట్టె ఐపీ అడ్రసు మారకుండా రిజర్వ్ చేయండి. ఇది మర్చిపోతే ఒకరోజు రౌటర్ ఆగి వచ్చాక ఇల్లంతా కనబడకుండా పోయి మీకు అనవసరపు టెన్షన్.

6. ఒక్కొక్కటీ ఎక్కించండి, బాత్రూమ్ లైటుతో మొదలుపెట్టి

హాల్ లైట్లతో మొదలుపెట్టకండి. ఏదన్నా తేడా వస్తే ఇంట్లోవాళ్ళు మళ్ళీ మిమ్మల్ని స్విచ్‌ల దగ్గరికి రానివ్వరు.

వైఫై స్విచ్‌ల్లో చాలా వాటి వెనక ఉండేది టుయా అనే కంపెనీ. పైన పేరు ఏదున్నా, స్మార్ట్ లైఫ్ యాప్‌లో కలిసిందంటే అదే. హోమ్ అసిస్టెంట్‌లో టుయా ఎంచుకుని యాప్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వచ్చేస్తాయి. ఇది కూడా నెట్ మీదే నడుస్తుంది, నెట్ లేకుండా నడపాలంటే లోకల్ టుయా అని వేరేగా ఉంది, దానికి ఒక్కో వస్తువు లోకల్ కీ సంపాదించాలి, ఓపిక ఉన్నవాళ్ళ పని.

జిగ్‌బీ అయితే యూఎస్‌బీ డాంగిల్ (పెన్‌డ్రైవ్ లాంటి చిన్న జిగ్‌బీ రేడియో) ఒకటి కొనాలి. దాన్ని నేరుగా పెట్టెకి గుచ్చకండి, మీటరు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరంగా పెట్టండి. యూఎస్‌బీ 3.0 పోర్టుల నుంచి వచ్చే రొద జిగ్‌బీ వాడే 2.4 గిగాహెర్ట్జ్ మీదే పడుతుంది. నేను ఇది తెలియక రెండు రోజులు డాంగిల్‌ని, అమ్మినవాణ్ణి తిట్టుకున్నాను. వైఫై కూడా అదే 2.4లో ఉంటుంది కాబట్టి రౌటర్‌ని 1వ ఛానెల్ మీద ఉంచి, జిగ్‌బీకి 20 గానీ 25 గానీ ఇవ్వండి. ఈ ఛానెల్ మొదట్లోనే పెట్టుకోవాలి, తర్వాత మారిస్తే అన్నీ మళ్ళీ జతచేయాల్సి రావొచ్చు. ఆ తర్వాత మాడ్యూల్ని రీసెట్ చేసి (మా వాటికి బటన్ పది సెకన్లు నొక్కిపడితే లైటు మిణుకుమంటుంది) హోమ్ అసిస్టెంట్‌కి తోడుగా నడిచే జిగ్‌బీ టు ఎంక్యూటీటీ అనే ప్రోగ్రాములో కలపండి. ఒక మాట ముందే చెబుతున్నాను, ఇలా లాక్కున్న స్విచ్ ప్యానెల్ నుంచి పోతుంది, ఒకేసారి రెండు చోట్లా ఉండదు. వారంటీ మాట కూడా ఆలోచించుకోండి. నేను పెరటి వైపు ఉన్నవి, మేడ మీదవి లాక్కున్నాను, హాల్లోవి ప్యానెల్‌కే వదిలేశాను.

ఎంక్యూటీటీ అనే పేరు మీకు తరచూ కనబడుతుంది. భయపడకండి. 1999లో ఐబీఎంకి చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఇంకో కంపెనీకి చెందిన ఆర్లెన్ నిప్పర్ కలిసి ఎడారుల్లో చమురు పైపులైన్ల సమాచారం శాటిలైట్ మీద పంపడానికి తయారుచేసిన చిన్న మెసేజ్‌ల పద్ధతి అది. ఒకడు ఒక పేరు మీద మెసేజ్ వేస్తాడు, ఆ పేరు కోసం కాచుకున్నవాళ్ళందరికీ అందుతుంది, అంతే.

కెమెరాలకి ఆన్‌విఫ్ గానీ ఆర్‌టీఎస్‌పీ గానీ (కెమెరాలు బయటి ప్రోగ్రాములతో మాట్లాడే ఉమ్మడి పద్ధతులు) ఉందేమో చూడండి, ఉంటే కంపెనీ ఏదైనా వస్తుంది. కొన్నిటిలో అది యాప్ లోపల ఎక్కడో ఆఫ్ చేసి ఉంటుంది, వెతికి ఆన్ చేయాలి.

పాత ఏసీకి ఐఆర్ బ్లాస్టర్ చాలు, రిమోట్ లాంటిదే. కాకపోతే అది సిగ్నల్ పంపడమే తప్ప ఏసీ నిజంగా ఆన్ అయిందో లేదో దానికి తెలియదు. గదిలో ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టుకుంటే కొంత నయం.

కేఎన్‌ఎక్స్ ఇళ్ళవాళ్ళకి ఇంత తంటా లేదు, హోమ్ అసిస్టెంట్ దాంతో నేరుగా మాట్లాడుతుంది, ఐపీ ఇంటర్‌ఫేస్ (ఆ తీగని ఇంటి నెట్‌వర్క్‌కి కలిపే పెట్టె) ఒకటి ఉంటే చాలు. ఆర్‌ఎస్ 485 తీగ మీద సొంత భాష మాట్లాడే ప్యానెళ్ళు ఉన్నవాళ్ళు మాత్రం స్విచ్‌ల జోలికి వెళ్ళకండి, 8వ మెట్టు చూడండి.

7. మోటారు

మా వైపు బోరు నీళ్ళు ఉప్పు. కుళాయి వచ్చే వేళకి సంపులో పట్టుకుని, అక్కణ్ణుంచి మేడ మీది ట్యాంకుకి ఎక్కించాలి. అందుకే ఇంట్లో అందరికీ కావాల్సిన బటన్ లైటుదీ కాదు, ఏసీదీ కాదు, మోటారుది. ఇది కూడా రాని స్మార్ట్ ప్యానెల్ ఎందుకని మా అమ్మ అడిగింది, నా దగ్గర జవాబు లేదు.

డబ్బా మీద 16 యాంపియర్లు అని రాసి ఉంది కదా అని చిన్న వైఫై రిలేకి (వైఫైతో నడిచే స్విచ్‌కి) మోటారు నేరుగా తగిలించకండి. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లే, నడుస్తున్నప్పుడు పెద్దగా కరెంటు తీసుకోదు, నిజమే. కానీ స్టార్ట్ అయ్యేటప్పుడు దానికి చాలా రెట్లు లాగుతుంది. అలా కొన్నాళ్ళు లాగాక రిలే లోపలి పాయింట్లు అతుక్కుపోతాయి, యాప్‌లో ఆఫ్ అని చూపిస్తుంది, మోటారు తిరుగుతూనే ఉంటుంది. మా మొదటి రిలే అలాగే పోయింది, ట్యాంకు పొంగి ఆ నీళ్ళు పక్కింటివాళ్ళ వడియాల మీద పడ్డాయి. మధ్యలో కాంటాక్టర్ (మోటార్ల లాంటి బరువు మోసే పెద్ద స్విచ్) పెట్టించండి. రిలే కాంటాక్టర్ కాయిల్‌ని మాత్రమే నడుపుతుంది, మోటారు బరువు కాంటాక్టర్ మోస్తుంది. ఓవర్‌లోడ్ రక్షణ ఉన్న పాత స్టార్టర్‌ని తీసెయ్యకండి, అది ఎలా ఉందో అలాగే లైన్లో ఉండాలి.

రెండో జాగ్రత్త: మోటారు ఆపే పని హోమ్ అసిస్టెంట్ ఒక్కదానికే అప్పగించకండి. మంచి రిలేల్లో ఆటో ఆఫ్ టైమర్ ఉంటుంది, అది రిలేలోనే నడుస్తుంది. మా ట్యాంకు నిండటానికి ఇరవై రెండు నిమిషాలు పడుతుంది, ఇరవై ఐదు పెట్టాను. లాప్‌టాప్ ఆగిపోయినా, రౌటర్ చచ్చినా మోటారు ఆగుతుంది. సంపులో ఫ్లోట్ స్విచ్ ఒకటి వేయించి దాన్ని కాయిల్ లైన్లోనే కలిపేస్తే, నీళ్ళు లేనప్పుడు మోటారు ఒట్టిగా తిరిగి కాలిపోయే గొడవ కూడా ఉండదు.

8. మూసుకున్న ప్యానెల్లోంచి ఒక తీగ లాగండి

ఇప్పుడు ప్యానెల్ సంగతి. కొన్ని ప్యానెళ్ళ లోపల ఉండేది ఆండ్రాయిడే. సెట్టింగ్స్‌లోకి వెళ్ళనిస్తే, బ్రౌజర్ తెరవనిస్తే, అందులోనే హోమ్ అసిస్టెంట్ తెర పెట్టుకోవచ్చు, కథ సుఖాంతం. మాది వెళ్ళనివ్వలేదు.

అలాంటప్పుడు పనికొచ్చేది పైన చెప్పిన తీగ. ప్యానెల్ సాఫ్ట్‌వేర్ ఎంత మూసుకున్నా, చివరికి అది ఏదో ఒక రిలేని కొట్టి ఒక తీగలోకి 230 వోల్టులు పంపాల్సిందే. మీ బోర్డుల్లో ఎక్కడో ఒక ఛానెల్ (ఒక లైటుకో ఫ్యాన్‌కో వెళ్ళే అవుట్‌పుట్) ఖాళీగా ఉంటుంది. ఆ ఛానెల్ అవుట్‌పుట్ తీగని, స్విచ్ ఇన్‌పుట్‌కి మెయిన్స్ కరెంటు తీసుకునే రిలే మాడ్యూల్ (షెల్లీ లాంటివి) ఇన్‌పుట్‌కి ఇవ్వండి. సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్‌నీ రిలేనీ విడదీయండి, డిటాచ్డ్ అని ఉంటుంది. ఇక ప్యానెల్ మీద ఆ బటన్ నొక్కగానే హోమ్ అసిస్టెంట్‌కి తెలుస్తుంది, అది నొక్కినప్పుడు ఏం జరగాలన్నది మీ ఇష్టం. మోటారు నడపొచ్చు, ఏసీ వేయొచ్చు, గేటు తీయొచ్చు. కంపెనీ అనుమతి అక్కర్లేదు, అప్‌డేట్ వచ్చినా ఈ తీగ తెగదు. రెండూ ఒకే ఫేజ్ మీద ఉండాలి. ఈఎస్‌పీ 32 లాంటి ఒట్టి చిప్ బోర్డు పిన్నులకి మాత్రం ఈ తీగ తగిలించకండి, అవి 3.3 వోల్టులవి, పొగ వస్తుంది.

మాకు హాల్లో బోర్డులో ఒక ఛానెల్ ఖాళీగా ఉంటే అది వాడాను. ప్యానెల్లో ఆ బటన్ పేరు మోటారు అని మార్చి, పక్కన నీటి చుక్క బొమ్మ పెట్టాను. ఒక లోపం మిగిలింది. మోటారు టైమర్‌కి ఆగిపోయినా ప్యానెల్ మీద బటన్ వెలుగుతూనే ఉంటుంది, ఎందుకంటే మనం తీగ ఒకవైపే లాగాం, తిరుగు పంటు ఇక్కడా లేదు. నేను సాఫ్ట్‌వేర్‌లో దీనికి మందు వెతుకుతుంటే ఎలక్ట్రీషియన్ కాసేపు చూసి, సంచిలోంచి మోటారు బోర్డుల మీద ఉండే ఎర్ర ఇండికేటర్ దీపం తీసి ప్యానెల్ పక్కన గోడకి బిగించి, కాంటాక్టర్ నుంచి దానికి కరెంటు ఇచ్చేశాడు. అది వెలిగితే మోటారు తిరుగుతున్నట్టు. వేలకి వేలు పోసిన గాజు తెర పక్కన ఆ దీపం చూడ్డానికి ఏం బాగోదు, కానీ ఇంట్లో అందరూ చూసేది దాన్నే.

ప్యానెల్ పూర్తిగా తీసేసి పాత టాబ్లెట్ పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. పెట్టండి, కానీ ఇరవై నాలుగు గంటలూ ఛార్జింగ్‌లో ఉంచితే మన వేడికి బ్యాటరీ ఉబ్బుతుంది. ఛార్జర్‌ని స్మార్ట్ ప్లగ్గుకి పెట్టి, బ్యాటరీ 30 శాతానికి దిగితే ఆన్, 80కి ఎక్కితే ఆఫ్ అని హోమ్ అసిస్టెంట్‌లో రాసుకోండి.

9. కరెంటు పోయి వచ్చాక ఏమవుతుందో చూసుకోండి

ఒకరోజు రాత్రి రెండున్నరకి కరెంటు వచ్చింది, దానితో పాటు ఇంట్లో లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి, పూజ గదితో సహా. నాన్నమ్మ దొంగలనుకుని కేకలు. చాలా మాడ్యూల్స్‌లో పవర్ ఆన్ స్టేట్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. లైట్లకి అంతకుముందు ఎలా ఉంటే అలా, మోటారుకి ఎప్పుడూ ఆఫ్ అని పెట్టండి. మోటారు విషయంలో ఇది తప్పనిసరి.

రౌటర్, ఫైబర్ బాక్సు, హోమ్ అసిస్టెంట్ పెట్టె మూడూ ఇన్వర్టర్ లైను మీదికి మార్పించండి. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో చూపించి, మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ వేయించండి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళల్లో, అంతర్వేది వైపు, బయట పెట్టే ఏ మాడ్యూల్ అయినా నీళ్ళు, ఉప్పు గాలి చొరబడని ఐపీ 65 బాక్సులోనే ఉండాలి, వైరు దూరే కన్నానికి గ్లాండ్ (సందు మూసే బిరడా) బిగించాలి. చీమలకి ఆ కన్నం చాలు.

10. ఇల్లు ఇంకా కడుతున్నవాళ్ళు

మీకు ఇంత బాధ అక్కర్లేదు. ప్రతి స్విచ్ బాక్సుకీ న్యూట్రల్ తీగ లాగించండి. మన బోర్డుల్లో సాకెట్ ఉంటుంది కాబట్టి న్యూట్రల్ మామూలుగా ఉంటుంది, మెట్ల దగ్గర, మంచం పక్కన ఉండే టూవే స్విచ్‌ల దగ్గరే ఉండదు. మెటల్ బాక్సులు లోతువి తీసుకోండి. గాజు టచ్ బోర్డుల బదులు మామూలు స్విచ్‌లే పెట్టి, వాటి వెనక రిలే మాడ్యూల్స్ దాచండి, అప్పుడు స్మార్ట్ అంతా పోయినా స్విచ్ పనిచేస్తుంది. ప్యానెల్ వచ్చే చోటికి రౌటర్ దగ్గర్నుంచి ఒక క్యాట్ 6 కేబులూ, ఒక ఖాళీ పైపూ వేయించండి. కేఎన్‌ఎక్స్ పెట్టిస్తుంటే చివరి చెల్లింపుకి ముందే ఈటీఎస్ (కేఎన్‌ఎక్స్ సెట్టింగ్స్ రాసే ప్రోగ్రాము) ప్రాజెక్ట్ ఫైలు తీసుకోండి. అది లేకపోతే రేపు ఒక్క బటన్ మార్చాలన్నా మళ్ళీ ఆ పెట్టినాయన కాళ్ళే పట్టుకోవాలి.

ఇక మిగిలింది బ్యాకప్. హోమ్ అసిస్టెంట్ సెట్టింగ్స్‌లో రోజూ బ్యాకప్ ఆన్ చేసి, ఒక కాపీ ఆ పెట్టెలో కాకుండా వేరేచోట ఉండేలా పెట్టండి. బ్యాకప్ తెరవడానికి కావాల్సిన ఎన్‌క్రిప్షన్ కీ, పాస్‌వర్డ్, ఏ ఛానెల్ తీగ ఎక్కడికి వెళ్ళిందో గీసిన బొమ్మ ఒక కాగితం మీద రాయండి. మాది మెయిన్ బోర్డు తలుపు లోపలి వైపు అంటించి ఉంది, కింద ఎలక్ట్రీషియన్ ఫోన్ నంబరు అమ్మ చేతిరాతలో.